పది నిమిషాలు ముందున్న ఇల్లు

2022వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, ఆదివారం. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు రోజులు కావస్తున్నా, రోహిణి ఎండ మాత్రం ఇల్లు ఖాళీ చేయనని మొండికేసిన అద్దెదారులా మార్కాపురం మీదనే కూర్చుని ఉంది. నల్లమల వైపు మబ్బులు లేస్తున్నాయి. లేచినవి ఊరి మీదికి వస్తున్నాయి. వచ్చి, కింది మనుషుల ముఖాలను ఒకసారి పరికించి, వీళ్ల మీద కురిసి ప్రయోజనం లేదని తేల్చుకొన్నట్టుగా తూర్పుకు సాగిపోతున్నాయి.

అటువంటి పూట గిద్దలూరు నుంచి రైల్లో వచ్చి, మార్కాపూర్ రోడ్ స్టేషన్ బయట ఆటో కోసం నిలబడిన వ్యక్తి పేరు బ్రహ్మానందం. ఈ స్టేషన్ పేరు చివర ఉన్న ‘రోడ్’ అన్న మాట ప్రయాణికుణ్ణి ముందుగానే హెచ్చరిస్తుంది: ఇది ఊరు కాదు, ఊరికి పోయే దారి మాత్రమే అని. ఈ తాలూకాలను పాలకులు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉంచారు. డెబ్బైలో ఒంగోలుకు అంటగట్టారు. మొన్న ఏప్రిల్‌లో జిల్లా అంచులను మళ్లీ కత్తిరించి కొత్త ప్రకాశం అన్నారు. ఇంత కుట్టుపని జరిగినా, స్టేషన్‌ను ఊరికి ఒక్క అడుగు దగ్గరగా జరపాలన్న ఆలోచన ఏ దర్జీకీ తట్టలేదు. సరే, ప్రస్తుతానికి వద్దాం.

బ్రహ్మానందం రైల్వే సిగ్నల్ విభాగంలో సర్వీసంతా గడిపి గిద్దలూరులో స్థిరపడ్డవాడు. ఉద్యోగ విరమణ తరువాత మనుషులకు రకరకాల వ్యసనాలు పట్టుకుంటాయి. కొందరు భాగవతం చదువుతారు, కొందరు కోడళ్లను చదువుతారు. బ్రహ్మానందానికి హామ్ రేడియో పట్టుకుంది. అనగా, ఎవరూ అడగకపోయినా ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకొని, మేడ మీద తీగె కట్టి, ముక్కూ ముఖమూ తెలియని దేశాంతరవాసులను పిలిచి, వాళ్లు పలికితే పరవశించడం. చేతిలో ఉన్న ఫోనుతో అదే పని చిటికెలో అవుతుంది కదా అని అడిగినవారిని ఈ జాతివారు జాలిగా చూస్తారు.

ఆ రోజు అతని భుజాన ఒక రెగ్జిను సంచి ఉంది. అందులో మీటరు, తీగెలు, స్క్రూడ్రైవర్లు, ఒక డబ్బాలో పెరుగన్నం ఉన్నాయి. మార్కాపురంలో జగన్నాథం శెట్టి ఇంట్లో మూగబోయిన యంత్రానికి మాటలు తెప్పించడానికి పోతున్నాడు.

జగన్నాథం శెట్టి బజారులో చింతపండు, కుంకుడుకాయల వ్యాపారం చేస్తాడు. అడవి సరుకు కొని బయటి ఊళ్లకు పంపడం తాతల నాటి పని. ఆయన కూడా లైసెన్సు సంపాదించి శివరాత్రి నాటికి మేడ మీద గడ పాతి, తీగె కట్టి, కంప్యూటర్ పక్కన రేడియో పెట్టాడు. అప్పటినుంచి ఇప్పటివరకు తెర మీద ఒక్క అక్షరం పడలేదు. ఆ సంగతి తెలిసి, హామ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో బ్రహ్మానందం ఆయన రేడియో స్టేషనుకు ‘చెవిటి స్టేషన్’ అని పేరు పెట్టాడు. రైలుకూతలు విని విని చెవులు పోయినవాళ్లు ఒకరిని చెవిటి అనడం విడ్డూరమని శెట్టి జవాబిచ్చాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అటువంటి శెట్టి శనివారం సాయంత్రం స్వయంగా ఫోన్ చేశాడంటే, మునిగిపోతున్నవాడే అయి ఉండాలని బ్రహ్మానందం సంతోషించాడు.

“సార్, రేపు మీరు రావాల. సోమవారం పొద్దున గడ పీకేస్తానంటాంది మా ఇంటామె.”

“ఎందుకు పీకేయడం?”

“గది చింతపండుకు గావాలంట. రేపు పొద్దుగూకే లోపల ఒక్క మనిషన్నా పలికితే సరి. లేకుంటే రేడియో కనిగిరి పోతాది. అక్కడ ఎవురో కొంటామన్నారంట, ఈమె మాట గూడా ఇచ్చేసింది.”

“మైకు తీగె అవీ చూసినారా? కంప్యూటర్‌లో టైము సరిగా ఉందా, శెట్టిగారూ?”

అవతల అవమానపడ్డ గొంతు.

“మా ఇంట్లో టైము తప్పేదేంది సార్? మార్కాపురంలో ఎవురినన్నా అడగండి!”

అడగవలసిందే. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. అయితే బ్రహ్మానందం అడిగే జాతికి చెందినవాడు కాదు, చెప్పే జాతికి చెందినవాడు.

శెట్టి గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. నుదుట నిలువుబొట్టు, చేతికి పెద్ద గడియారం, ముఖాన చిరాకు.

“ఆలస్యమైంది సార్. రైల్వేవాళ్లు గదా, మీకు అలవాటే.”

బ్రహ్మానందం తన చేతి గడియారం చూసుకున్నాడు. కీ ఇచ్చే పాతకాలపు వాచీ అది. దాని ప్రకారం ఆలస్యమేమీ కాలేదు.

“నా వాచీ లెక్కన సరిగ్గానే వచ్చినాను.”

“అయితే మీ వాచీ వెనకబడింది,” అన్నాడు శెట్టి, రోగికి రోగం చెప్పిన వైద్యుడిలా. వేలెత్తి చూపాడు. నట్టింట్లో గోడకు పెద్ద లోలకపు గడియారం. దాని కింద దండ వేసిన ఫోటోలో శెట్టిగారి నాయన. బీరువా మీద బల్లగడియారం. శెట్టి మణికట్టు మీది గడియారం. అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఇన్ని సాక్ష్యాలకు ఎదురుగా తన వాచీ ఒంటరిగా నిలబడింది. ముసలి వాచీ, మధ్యమధ్య నడక తగ్గడం దానికి కొత్త కాదు. బ్రహ్మానందం గుబ్బ లాగి ముళ్లు ముందుకు తిప్పుకున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. స్టేషన్ గడియారంతో తన గడియారం కలుపుకొనిగాని అన్నం తినని మనిషి, సిగ్నల్ క్షణం అటూ ఇటూ అయితే కింది ఉద్యోగులను కడిగి ఆరవేసిన మనిషి, గడప దాటకముందే ఒక చింతపండు వర్తకుడి గోడతో కాలం కలుపుకున్నాడు. చదువు, అనుభవం, పెన్షను ఇవేవీ మనిషిని ఎదుటివాడి ధీమా నుంచి కాపాడవు.

మెట్ల కింద చింతపండు బుట్టలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చీమలు బారులు తీరాయి. శెట్టి భార్య దుర్గాంబ మజ్జిగ గ్లాసులతో ఎదురొచ్చింది. ఇంటి బరువు, అంగడి లెక్క, భర్త పిచ్చి మూడూ మోసే మనిషి. మోస్తున్నానన్న సంగతి దాచుకునే మనిషి కాదు.

“రా అన్నా. ఆ డబ్బాను బాగుచేసేదానికి వచ్చినావంటగా. ఎందుకు కష్టం? పోయిందని ఒక్కమాట చెప్పి పో, నీకు పుణ్యముంటాది.”

“అరగంట పని, అమ్మా,” అన్నాడు బ్రహ్మానందం.

“మొన్న యాంటెన్నా కట్టినాయన గూడా అరగంటనే అన్నాడు. ఆయన తిన్న ఇడ్లీలకు లెక్క లేదు.”

పైగది చిన్నది. పడమటి గోడ ఎండకు కాగి ఉంది. బల్ల మీద కంప్యూటర్, రేడియో, వాటి నడుమ ఇంకో బల్లగడియారం. రేడియో నుంచి సన్నని ఈలలు వినిపిస్తున్నాయి. ఎవరో దూరాన పాతిక పిల్లనగ్రోవులను అపశ్రుతిలో ఊదుతున్నట్టు ఉంది. తెర కుడివైపు ఆ ఈలలే పసుపు చారలై నీళ్లు జారినట్టు జారుతున్నాయి. ఎడమవైపు అక్షరాలు పడవలసిన తెల్లని చోటు, అచ్చు వేయని కాగితంలా ఖాళీగా ఉంది.

ఈ పద్ధతి ఏమిటో చెప్పి ముందుకు పోవడం ధర్మం. దీన్ని ఎఫ్‌టీ8 అంటారు. గొంతుతో మాట్లాడరు, కంప్యూటరు ఈల వేస్తుంది, అవతలి కంప్యూటరు ఆ ఈలను విని అక్షరాలుగా విప్పుతుంది. ప్రపంచమంతటా ప్రతి నిమిషాన్నీ నాలుగు వంతులు చేసుకొని, ఒక వంతు వీళ్లు పిలవడం, మరుసటి వంతు వాళ్లు పలకడం. మన సంభాషణల్లో లేని మర్యాద ఇది: ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగడం. ఎంత సన్నని ఈలనైనా పట్టుకునే శక్తి దీనికి ఆ క్రమశిక్షణ వల్లనే వచ్చింది. వంతు ఎప్పుడు మొదలయిందో తెలియని యంత్రానికి మాత్రం ఈలలు వినపడతాయే తప్ప మాట విడిపడదు.

“చూసినారా? చారలున్నాయి, అక్షరాల్లేవు,” అన్నాడు శెట్టి. “చేసినోడు యాడో తప్పు చేసినాడు.”

శెట్టి వాక్యాల్లో ఒక విశేషం ఉంది. తప్పు జరిగిన ప్రతి వాక్యంలోనూ కర్త పరాయివాడే. సాఫ్ట్‌వేర్ రాసినవాడు, తీగె అమ్మినవాడు, కరెంటోళ్లు, కోతులు. తాను కర్తగా ఉన్న వాక్యాలన్నీ గెలుపులతో ముగుస్తాయి.

బ్రహ్మానందం తెర మూలన ఉన్న టైము వంక చూశాడు, బల్లగడియారం చూశాడు, తన వాచీ చూశాడు. మూడూ కలిశాయి. కలవకేం చేస్తాయి! తృప్తిగా తలాడించి పనిలో దిగాడు.

మొదట శబ్దం కంప్యూటరులోకి వస్తోందా అని చూశాడు. వస్తోంది. ఎక్కువగా వస్తోందని తగ్గించాడు. తక్కువైందని పెంచాడు. రేడియోకు కంప్యూటరుకు మధ్య తీగె మార్చి, తన సంచిలోది తగిలించాడు. చారలు మరింత అందంగా జారాయి, అక్షరం రాలేదు.

“మీ ఎల్‌ఈడీ బల్బులు గోల చేస్తాయి,” అని దీపాలు ఆర్పించాడు. తరువాత ఇన్వర్టర్ ఆపించాడు. తరువాత ఫ్యాన్ కూడా ఆపించాడు. ఇద్దరూ చీకటి గదిలో చెమటలు కారుస్తూ తెర వంక చూస్తూ కూర్చున్నారు.

“పలకల ఫ్యాక్టరీ మిషన్ గోలేమో,” అన్నాడు బ్రహ్మానందం.

“ఆదివారం గదా, ఈరోజు లేదు.”

“నిన్న నడిచింటాది.”

నిన్న నడిచిన యంత్రం నేడు అల్లరి చేస్తుందని వాదించడానికి ఎంత సాంకేతిక పరిజ్ఞానం అవసరమో ఆలోచించండి.

మేడ ఎక్కి తీగె చూశారు. కోతులు ఊయలూగిన తీగె కొంచెం వంగిందని బ్రహ్మానందం బిగించాడు. దిగి వచ్చి సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మళ్లీ ఎక్కించాడు. కంప్యూటర్‌ను ఆపి, గౌరవంగా కాసేపు మౌనం పాటించి, మళ్లీ ఆన్ చేశాడు. పసుపు చారలు జారాయి. తెల్లని చోటు తెల్లగానే ఉంది.

దుర్గాంబ గుమ్మంలోకి వచ్చి చీకటిలోకి తొంగి చూసింది.

“ఏమన్నా, అరగంట అయిందా? మీ ఇద్దర్నీ చూస్తాంటే కరెంటు బిల్లు కట్టనోళ్ల మాదిరి ఉండారు. లేచి అన్నానికి రాండి. చింతచిగురు పప్పు చేసినాను. దానికి సిగ్నల్ అక్కర్లేదు.”

సంచిలో పెరుగన్నం ఉందని బ్రహ్మానందం అన్నాడు. ఆ మాటను ఆమె లెక్కలోకి తీసుకోలేదు. భోజనం దగ్గర ఇద్దరు పురుషులూ ఒకరినొకరు చూడకుండా తిన్నారు.

పప్పు అన్నం చేసిన మేలు వల్ల శెట్టికి నోరు లేచింది.

“గిద్దలూరు తెలివి ఇంతేనా సార్? చెవిటి స్టేషన్ అని పేరు పెట్టినంత సులభం గాదే!”

“మీ రేడియోలోనే లోపముంది శెట్టిగారూ. అది బాగుండే మాల్ కాదు.”

“మాల్ గురించి నాకు చెబుతారా? చింతపండు చేతిలో పెడితే చెట్టు ఏ గట్టున ఉండాదో చెప్తాను నేను.”

“అయితే ఇది ఏ చెట్టుదో చెప్పండి మరి!”

ఇలా కొంతసేపు జరిగింది. అక్షరాలు రావడానికి ఈ సంభాషణ ఏ విధంగానూ తోడ్పడలేదు. చివరకు బ్రహ్మానందం మళ్లీ పైగదిలో కూర్చొని, చేసినవన్నీ మళ్లీ చేశాడు. ఫలితం మారనప్పుడు అదే పనిని రెండోసారి మరింత గంభీరంగా చేయడాన్ని మనవాళ్లు అనుభవం అంటారు.

ఎండ కిటికీ దాటింది. బ్రహ్మానందం వాచీ చూసుకొని ఉలిక్కిపడ్డాడు. సామాను సంచిలో కుక్కడం మొదలుపెట్టాడు.

“నా వల్ల కాలేదు. గిద్దలూరు రైలుకు టైమైపోయింది. పోవాల.”

శెట్టి రేడియో మీద చెయ్యి వేశాడు. బజారులో బేరం కుదిరిన ఆవును చివరిసారి నిమిరినట్టు దాని పైరేకును నిమిరాడు. ఆ చెయ్యి చూసి బ్రహ్మానందానికి మొదటిసారిగా అతని మీద కోపం పోయింది. పోయినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

బ్రహ్మానందం మెట్లు దిగుతుంటే చీమల మందు చల్లుతున్న దుర్గాంబ అడ్డం వచ్చింది.

“యాడికి అన్నా అంత పరుగు?”

“రైలు, అమ్మా. టైము దాటిపోతాంది.”

“ఏ గడియారం చూసి?”

“ఇదో, నాది. మీ గోడ గడియారంతో కలుపుకున్నా.”

దుర్గాంబ చీమల మందు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. ఆమె నవ్వు మొదట కళ్లలో మొదలై, తరువాత భుజాలకు పాకింది.

“రైల్వేలో చేసినావంటివే! మా గడియారంతో కలుపుకున్నావా? అయ్యో నా రాత! ఈ ఇంట్లో గడియారం చూసి రైలుకు పోయినోడు స్టేషన్‌లో కూసోని ఈగలు తోలుకోవాల. అది ముందుంటాది అన్నా. మా మామ నాటి నుంచి ముందే పెడతారు. మేము చూసి తీసేసుకుంటాం.”

“తీసేసుకోవడం ఏంది?”

“పది తీసేస్తా నేను. ఈయన ఏడంటాడు. పనికొచ్చే మస్తానమ్మ పావుగంట తీసేస్తాది, అందుకే రోజూ లేటు. ఎవురి లెక్క వాళ్లది.” ఆమె పైగది వైపు చెయ్యి విసిరింది. “ఆ డబ్బాకు గూడా మా టైమే పెట్టినాడు ఈయన. తీసివేతలు మాత్రం నేర్పించినట్టు లేదు!”

బ్రహ్మానందం మెట్టు మీదనే నిలిచిపోయాడు. ఆమె ఎగతాళికే అన్నది. రేడియో గురించి ఆమెకేమీ తెలియదు, తెలుసుకోవాలన్న కోరిక కూడా లేదు. కానీ అతనికి నెత్తి మీద ఎవరో మొట్టినట్టయింది. ఇంట్లో ప్రతి ప్రాణీ గడియారం చూడగానే మనసులో తనకు తోచినంత తీసివేసుకుంటుంది. తీసివేసుకోవాలని తెలియనిది ఆ యంత్రం ఒక్కటే. పది నిమిషాల తేడా దానికి పట్టదు. పావు నిమిషపు మలుపు లోకంతో కలవకపోతేనే చిక్కు. చేతి గడియారం చూసి చేత్తో తిప్పిన టైములో ఆ మలుపు ఎక్కడ పడిందో ఎవరికి తెలుసు? లోకమంతా పిలిచే వేళ శెట్టి కంప్యూటరు సగం మాట వింటోంది.

సంచి అక్కడే పడేసి పైకి పరుగెత్తాడు.

“శెట్టిగారూ! కంప్యూటర్ టైము మీరు చేత్తో పెట్టినారా?”

“పెట్టినాను. అది దానంతటదే వెనక్కి పోతాంటే, ఆటోమేటిక్ తీసేసినాను. రోజూ పది నిమిషాలు వెనకబడతాంది, సోమరి కంప్యూటర్!”

“వెనకబడడం లేదు మహానుభావా, అది సరైన టైముకు పోతాంది! ఆటోమేటిక్ మళ్లా పెట్టండి. ఒక్క నొక్కు. అంతే.”

శెట్టి చెయ్యి మౌస్ మీదికి పోయి ఆగింది. ముఖం బిగుసుకుంది.

“అది కుదరదు.”

“ఏం?”

“ఇది నాయన పెట్టిన టైము.”

బ్రహ్మానందానికి అర్థం కాలేదు. వెనకే మెట్లెక్కి వచ్చిన దుర్గాంబ గుమ్మానికి ఆనుకొని చెప్పింది.

“మా మామ అంగట్లో గడియారం ముందుకు పెట్టి, బజారులో అందరికన్నా ముందు తలుపు తీసేవాడు. ‘మన దుకాణంలో పొద్దు ముందు పొడుస్తాది’ అనేవాడు. అడవి నుంచి తెల్లారకుండానే సరుకు దించుకొని వచ్చే చెంచు ఆడోళ్లు, తెరిచిన తలుపు చూసి ఈడికే వచ్చేవాళ్లు. దాంతోనే ఈ ఇల్లు నిలబడింది, కాదనను. ఆ తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, ఒక రేడియో కొన్నాడు. పెద్దది, చెక్కపెట్టె, మర్ఫీదో ఏందో.”

“మర్ఫీ గాదులే, వేరేది,” అన్నాడు శెట్టి నెమ్మదిగా.

“ఏదో ఒకటి. వార్తలకు జనం చేరేవాళ్లు. వార్తల ముందు అది టింగు టింగుమని టైము కొట్టేది. మా గడియారమేమో అప్పటికే దాటిపోయి ఉండేది. ఒకరోజు అంగడి నిండా జనం పగలబడి నవ్వినారు. ‘ఏంది శెట్టీ, ఢిల్లీ వెనకబడిందా?’ అని. మా మామకు తల కొట్టేసినట్టయింది. గడియారం సరిచేసినాడా? లేదు. రేడియోను గోనెపట్టాలో చుట్టి అర్ధవీడులో బంధువుల ఇంటికి పంపించేసినాడు.”

“బస్సు పైకి కట్టినారు దాన్ని,” అన్నాడు శెట్టి తెర వైపే చూస్తూ. “కట్టేటప్పుడు నేను కిందనే ఉన్నా. మళ్లా ఈ ఇంట్లోకి రేడియో రాలేదు, నేను తెచ్చిందాకా.”

గదిలో ఈలలు మాత్రం వినిపిస్తున్నాయి. పాతిక మంది ఎక్కడెక్కడినుంచో పిలుస్తున్నారు. ఎవరి మాటా ఈ ఇంటికి అందడం లేదు.

దుర్గాంబ సానుభూతి చూపించే రకం కాదు.

“సరే అయితే. మీ నాయన గడియారాన్ని ఉంచి రేడియోను పంపించినాడు. నువ్వు గూడా అదే చెయ్. తండ్రికి తగ్గ కొడుకు అనిపించుకుంటావు. రేపు పొద్దున్నే నేను బుట్టలు పైకి ఎక్కిస్తా.”

శెట్టి లేచాడు. అందరూ అతను బయటికి వెళ్లిపోతాడనుకున్నారు. రేడియో పక్కనున్న బల్లగడియారాన్ని తీసి, దాని ముఖాన్ని బల్లకు ఆనించి బోర్లించాడు. చేతికున్న గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. తరువాత కూర్చొని, దొంగతనం చేస్తున్నవాడిలా గుమ్మం వైపు ఒకసారి చూసి, మౌస్ నొక్కాడు.

తెర మూలన టైము వెనక్కి గెంతింది.

కొంతసేపు ఏమీ జరగలేదు. “ఇప్పుడేమంటారు సార్?” అని శెట్టి నోరు తెరవబోయాడు. ఆ లోగా తెల్లని చోట ఒక వరుస పడింది. దాని కింద మరొకటి. ఆ తరువాత చింతపండు బస్తా కుట్టు తెగినట్టు ఒక్కసారిగా అరడజను వరుసలు రాలాయి. జపాన్, రష్యా, థాయిలాండ్, ఏదో ద్వీపం. ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడి పిలిచినవాళ్లంతా తోసుకుంటూ లోపలికి వచ్చేసినట్టుంది.

శెట్టి కుడిచేతి వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి.

“పిలవండి! ఎవరో ఒకర్ని పిలవండి!” అని బ్రహ్మానందం అరిచాడు. రైలు సంగతి అతని మనసులోంచి ఎప్పుడో దిగిపోయింది.

ఇండోనేషియా నుంచి పిలుస్తున్న ఒక స్టేషన్ మీద శెట్టి రెండుసార్లు నొక్కాడు. రేడియో బుస్సుమంది. వంతు ముగిసింది. అవతలి వంతులో, ఎర్రటి గీతలో, లైసెన్సుతో పాటు వచ్చిన శెట్టి పిలుపుపేరు తెర మీద కనిపించింది. ఎవరో సముద్రాల అవతల మార్కాపురం చింతపండు శెట్టిని పేరు పెట్టి పిలిచారు. సంకేతం ఎంత బలంగా అందిందో ఒక అంకె, దానికి జవాబుగా ఒక అంకె, చివర సెలవు చెప్పే డెబ్బైమూడు. అంతే. ముగిసింది.

“ఏమన్నాడు?” అంది దుర్గాంబ.

“మన సిగ్నల్ ఎంత అందిందో చెప్పినాడు,” అన్నాడు శెట్టి.

“ఇంకా?”

“అంతే.”

“అంతేనా? పేరు అడగలేదా? అన్నం తిన్నావా అని గూడా అడగలేదా? దీనికా మూడు నెలలు గది ఆపుకున్నావు! వీధిలో కుక్క గూడా ఇంతకన్నా ఎక్కువ మాట్లాడతాది.” ఆమె తిరిగి మెట్లు దిగుతూ, సగంలో ఆగి, గొంతు పెంచింది. “గది సగం నాది. తలుపు వైపు సగం. గడ ఉండనీ, దానికి తీగె కట్టి బట్టలు ఆరేసుకుంటా!”

కనిగిరివాళ్లకు ఇచ్చిన మాట ఏమవుతుందని అడగడానికి శెట్టికి గాని, బ్రహ్మానందానికి గాని ధైర్యం చాలలేదు.

బ్రహ్మానందం రైలు వెళ్లిపోయింది. మనం రైలు తప్పిపోయింది అంటాం గాని, మనం తప్పాం అనం. ఆ విషయంలో మనమంతా శెట్టిగారి బంధువులమే. రైల్వే ఉద్యోగి అయి ఉండీ రైలు పోగొట్టుకున్న బ్రహ్మానందం, కంభం మీదుగా పోయే బస్సులో నిలబడి, మెడ మీద ఎవరిదో కోళ్ల బుట్ట రాసుకుంటుండగా గిద్దలూరు చేరాడు. దారిలో వాచీ సరిచేసుకున్నాడు. శెట్టి కృతజ్ఞత చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. సాగనంపుతూ ఆయన అన్న ఆఖరి మాట ఇది: “ఇంత చిన్న తేడాకు పనిచేయని సాఫ్ట్‌వేర్ ఎందుకు సార్? రాసినోళ్లకు మనుషులెట్ల బతుకుతారో తెలియదు.”

నట్టింట్లో గోడ గడియారం మాత్రం ఎప్పటిలాగే ముందే నడిచింది.

మూడేళ్ల తరువాత, 2025 ఆగస్టులో, గిద్దలూరుకు ఒక చింతపండు బుట్ట వచ్చింది. పైన తెల్లకాగితం మీద ఈ ఉత్తరం.

“బ్రహ్మానందం సార్‌కు జగన్నాథం నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పొచ్చు. అయితే మీరు మధ్యలో నవ్వుతారు. ఉత్తరమైతే నవ్వినా నాకు వినపడదు.

మొన్న అంగట్లో నాయన గడియారం నిలిచిపోయింది. (ఇంట్లోదాన్ని, కింది ఫోటోతో సహా, అంగడికి మార్చినాను, అది మీకు తెలియదు.) బాగుచేసినోడు సరైన టైము పెట్టి తగిలించి పోయినాడు. నేను చూసి గూడా ఊరుకున్నాను. మీ సావాసదోషం. ఆ తర్వాత ఏమైందో వినండి. దుర్గాంబ అలవాటు ప్రకారం చూసి పది తీసేసుకొని, వాళ్ల తమ్ముని ఇంట్లో పేరంటానికి కంభం బస్సు పోగొట్టుకుంది. మస్తానమ్మ అంగడి ముందర పోతా చూసి పావుగంట తీసేసుకొని, వచ్చేసరికి అంట్లు ఎండిపోయినాయి. ఎదురంగడి నాగేశ్వర్లు నాకన్నా ముందు షట్టర్ ఎత్తినాడు. ఈ పాపమంతా మీదేనని మా ఇంట్లో తీర్మానమైంది. మళ్లా ముందుకు తిప్పినాను. ఇప్పుడు అందరూ టైముకు వస్తాండారు.

ఇంకొక పని జేసినాను. చిన్న రేడియో ఒకటి కొని, గడియారం కింద, నాయన ఫోటో పక్కన పెట్టినాను. వార్తల ముందు అది టైము కొడుతుంది. గడియారం అప్పటికే దాటి ఉంటుంది. జనం నవ్వుతారు, నాయన ఉన్నప్పుడు నవ్వినట్టే. ‘ఏది సరి శెట్టీ?’ అంటారు. ‘రేడియో సరి, గడియారం మాది’ అంటున్నా. ఆ మాట చెప్పేదానికి ఎంతసేపు పడుతుంది సార్? నాయన ఆ రోజు అదొక్కటి అనుంటే, బస్సు పైకి ఎక్కించే పని లేకపోయేది. ఆయనకు తోచలేదు. ఊరందరూ ఒక్కసారిగా నవ్వితే ఎవురికీ తోచదు లెండి.

పైగది సగం చింతపండే. చీమలు రేడియోలోకి పోతాండాయి. దానికి మీ సలహా అడగడంలేదు.

నేను థాంక్స్ చెప్పలేదని గిద్దలూరంతా చెప్పుకుంటున్నారని విన్నాను. నిజమే, చెప్పలేదు. ఇప్పుడు గూడా చెప్పడంలేదు. చింతపండు పంపుతున్నా, ఈ ఏటిదే, గింజ తీసింది.

మళ్లా ఎప్పుడన్నా వస్తే, గడప దాటేటప్పుడు మీ వాచీ జేబులో పెట్టుకోండి.

జగన్నాథం.”